ఎక్కడో అణుప్రమాదం, ఇక్కడ ఆందోళన: ఫుకుషిమా నేర్పిన లెక్కలు

2011 మార్చి 17 నాటికి చైనాలోని అనేక నగరాల్లో కిరాణా దుకాణాల్లో ఉప్పు ప్యాకెట్ దొరకడం గగనమైంది. అంతకు ఆరు రోజుల ముందు, మార్చి 11న, జపాన్ ఈశాన్య తీరాన్ని 9.0 తీవ్రతతో భూకంపం కుదిపేసింది. ఆ వెంటనే వచ్చిన సునామీ ఫుకుషిమా దాయిచి అణువిద్యుత్ కేంద్రాన్ని ముంచెత్తడంతో విద్యుత్ సరఫరా తెగిపోయి, రియాక్టర్లను చల్లబరిచే ఏర్పాట్లు ఆగిపోయి, మూడు రియాక్టర్లలో ఇంధనం కరిగిపోయింది. మార్చి 12, 14, 15 తేదీల్లో మూడు భవనాల్లో జరిగిన హైడ్రోజన్ పేలుళ్లను ప్రపంచమంతా టీవీల్లో చూసింది. ఆ దృశ్యాలు చూసిన చైనా ప్రజలకు రెండు మాటలు చేరాయి. ఉప్పులో అయోడిన్ ఉంటుంది కాబట్టి అది రేడియేషన్ నుంచి కాపాడుతుందన్నది ఒకటి, రేపు సముద్రం కలుషితమైతే మంచి ఉప్పు దొరకదన్నది మరొకటి. ధరలు కొన్నిచోట్ల అనేక రెట్లు పెరిగాయి. ఉప్పు నిల్వలు సరిపడా ఉన్నాయని, దేశం వాడే ఉప్పులో అధిక భాగం సముద్రం నుంచి కాక గనుల నుంచి, ఉప్పుబావుల నుంచి వస్తుందని ప్రభుత్వం ప్రకటించాక గాని వేడి చల్లారలేదు. తర్వాత కొందరు కొన్న మూటలను తిరిగి ఇచ్చేస్తామంటూ దుకాణాల ముందు నిలబడ్డారు.

ఆ వదంతి ఎంత తప్పో చిన్న లెక్కతో తేలుతుంది. అణుప్రమాద సమయంలో రేడియోధార్మిక అయోడిన్‌కు థైరాయిడ్ గ్రంథిలో చోటు లేకుండా చేయడానికి పెద్దవారికి ఇచ్చే 130 మిల్లీగ్రాముల పొటాషియం అయొడైడ్ మాత్రలో సుమారు 100 మిల్లీగ్రాముల అయోడిన్ ఉంటుంది. మన దేశంలో దుకాణంలో అమ్మే అయోడైజ్డ్ ఉప్పులో కిలోకు కనీసం 15 మిల్లీగ్రాముల అయోడిన్ ఉండాలన్నది నిబంధన. ఆ లెక్కన ఒక్క మాత్రకు సమానమైన అయోడిన్ కోసం ఆరున్నర కిలోలకు పైగా ఉప్పు ఒకేసారి తినాలి. ఉప్పులో అయోడిన్ ఇంతకు రెట్టింపు ఉన్నా మూడు కిలోలకు పైనే కావాలి. రేడియేషన్ మాట దేవుడెరుగు, ఆ ఉప్పే మనిషిని చంపుతుంది.

ఇదే సమయంలో బీబీసీ పేరుతో ఒక ఎస్సెమ్మెస్ ఆసియా దేశాల సెల్‌ఫోన్లన్నీ చుట్టివచ్చింది. వాన పడితే ఇరవైనాలుగు గంటలు ఇల్లు కదలవద్దని, థైరాయిడ్ గ్రంథి ఉండే మెడ భాగానికి అయోడిన్ ఉండే బెటాడిన్ మందు రాసుకోవాలని అందులో ఉంది. తాము అలాంటి వార్త ఇవ్వలేదని బీబీసీ ఖండించింది. అప్పటికే మనీలాలో ఒక విశ్వవిద్యాలయం తరగతులు రద్దు చేసింది. ఏప్రిల్ 7న దక్షిణ కొరియాలో వాన పడినప్పుడు వందకు పైగా బడులు మూతపడ్డాయి లేదా పిల్లలను ముందే ఇంటికి పంపాయి. పసిఫిక్ సముద్రానికి అవతల అమెరికా పడమటి తీరంలో పొటాషియం అయొడైడ్ మాత్రలు అయిపోయాయి. అమెరికా సముద్ర వాతావరణ సంస్థ సునామీ అలల ఎత్తును చూపుతూ తయారుచేసిన రంగుల పటాన్ని, రేడియేషన్ వ్యాపిస్తున్న పటమని చెప్పి పంచిపెట్టినవారు కోకొల్లలు.

ఇవన్నీ చదివి జనం అజ్ఞానం మీదికి నెపం నెట్టేయడం తేలిక. నిపుణులు, అధికారులు చాలామంది ఆ పనే చేశారు. ఆ తీర్పు సరైనది కాదు. ఆ జనం అడిగిన ప్రశ్న అర్థవంతమైనదే. వేల కిలోమీటర్ల దూరంలో బయటపడిన రేడియోధార్మిక పదార్థం మన దాకా వస్తుందా, వస్తే ఎంత వస్తుంది, ఏ దారిన ఒంట్లోకి చేరుతుంది అన్నదే వారి ప్రశ్న. దానికి అంకెలతో, సకాలంలో, అర్థమయ్యే మాటల్లో జవాబు రానప్పుడు ఆ ఖాళీని ఉప్పు, బెటాడిన్ నింపాయి. “భయపడవలసిన పనిలేదు” అన్నది జవాబు కాదు, సలహా మాత్రమే. కొలత చెప్పకుండా ఇచ్చే సలహాను ఎవరూ నమ్మరు, నమ్మనవసరం కూడా లేదు.

దూరం ఎప్పుడు కాపాడింది, ఎప్పుడు కాపాడలేదు

ప్రజల అనుమానానికి చరిత్రలో గట్టి ఆధారం ఉంది. 1986 ఏప్రిల్ 26న నేటి ఉక్రెయిన్‌లోని చెర్నోబిల్ రియాక్టర్ పేలిపోయింది. ఆ సంగతిని సోవియట్ ప్రభుత్వం లోకానికి చెప్పలేదు. ఏప్రిల్ 28 ఉదయం అక్కడికి సుమారు 1,100 కిలోమీటర్ల దూరంలో, స్వీడన్‌లోని ఫోర్స్‌మార్క్ అణువిద్యుత్ కేంద్రంలో, ఒక ఉద్యోగి తనిఖీ యంత్రం దాటుతుండగా అలారం మోగింది. రేడియోధార్మికత అతని బూట్లకు అంటుకుని ఉంది. తమ కేంద్రంలోనే లీకేజీ జరిగిందేమోనని అక్కడివారు మొదట కంగారుపడ్డారు. తీరా చూస్తే ఆ ధూళి వానతో పాటు బయట నేలమీద పడినది. ఆ రోజు రాత్రికి గాని మాస్కో నుంచి నాలుగు వాక్యాల ప్రకటన వెలువడలేదు.

చెర్నోబిల్‌కు రెండువేల కిలోమీటర్లకు పైగా దూరంలో ఉన్న బ్రిటన్‌లోని వేల్స్ కొండప్రాంతాల్లో ఆ మేఘం వెళుతున్న సమయానికి భారీ వర్షాలు కురిశాయి. వర్షంతో దిగిన రేడియోధార్మిక సీజియం అక్కడి పీట్ నేలల్లో (కుళ్లిన మొక్కలతో ఏర్పడిన తడి నేలల్లో) గడ్డికి అందేలా నిలిచిపోయింది, ఆ గడ్డి మేసిన గొర్రెల మాంసంలోకి చేరింది. కొద్ది వారాల కోసమని పెట్టిన అమ్మకపు ఆంక్షలు పూర్తిగా తొలగడానికి 2012 దాకా పట్టింది. అంటే ఇరవైఆరేళ్లు. దూరం ఒక్కటే రక్ష అనుకుంటే వేల్స్ రైతుకు ఆ కష్టం రాకూడదు. గాలి ఎటు వీచింది, వాన ఎక్కడ పడింది, నేల ఎలాంటిది, ఆ నేలమీద పెరిగినదాన్ని ఎవరు తిన్నారు అన్నవి దూరంతో సమానంగా లెక్కలోకి వస్తాయి.

ఫుకుషిమా విషయంలో ఈ అంశాలు ఎక్కువగా అనుకూలించాయి. ఆ అక్షాంశాల్లో పైగాలులు పడమటి నుంచి తూర్పుకు వీస్తాయి కాబట్టి గాలిలోకి వెలువడిన పదార్థంలో సుమారు 80 శాతం పసిఫిక్ సముద్రం మీదే పడింది. మొత్తం వెలువడిన పరిమాణం కూడా చెర్నోబిల్ కంటే చాలా తక్కువ. చెర్నోబిల్‌లో అయోడిన్-131 సుమారు 1,760 పెటాబెక్వెరెళ్లు (రేడియోధార్మికతను కొలిచే చాలా పెద్ద యూనిట్), సీజియం-137 సుమారు 85 పెటాబెక్వెరెళ్లు వెలువడగా, ఫుకుషిమాలో అయోడిన్ 100 నుంచి 500 మధ్య, సీజియం 6 నుంచి 20 మధ్య ఉంటుందని ఐక్యరాజ్యసమితి రేడియేషన్ శాస్త్రీయ కమిటీ అంచనా వేసింది. అణుపరీక్షల నిషేధ ఒప్పంద సంస్థకు ప్రపంచమంతటా ఉన్న గాలి పరీక్ష కేంద్రాలు ఆ మేఘం ప్రయాణాన్ని దాదాపు రోజువారీగా పసిగట్టాయి. వారం తిరగకుండానే అది కాలిఫోర్నియాలోని శాక్రమెంటోకు చేరింది, ఆపై ఐస్‌లాండ్‌కు. సుమారు రెండు వారాల్లో ఉత్తరార్ధగోళమంతా దాని జాడ కనిపించింది. జపాన్‌కు పడమరగా, ఆరువేల కిలోమీటర్లకు పైగా దూరంలో ఉన్న తెలుగు ప్రాంతాలకు ఆ గాలి రావాలంటే భూమిని దాదాపు చుట్టిరావాలి.

అయితే ఆ మొదటి వారంలో శాక్రమెంటో పేరు వార్తల్లో రాగానే కాలిఫోర్నియాలో పెద్దసంఖ్యలో ఉన్న తెలుగు కుటుంబాలకూ, హైదరాబాదులోనో గుంటూరులోనో ఉన్న వారి తల్లిదండ్రులకూ “చేరింది” అన్న మాటే వినిపించింది. ఎంత చేరిందన్నది ఆ మాట వెనక ఉండిపోయింది. ఆ పరికరాల సున్నితత్వం ఎంతటిదంటే, మనిషికి ఏ విధంగానూ సంబంధం లేనంత స్వల్ప జాడను కూడా అవి పట్టుకుంటాయి. కనిపించడం వేరు, హానిచేయడం వేరు. ఈ రెంటి మధ్య తేడాను వివరించే బాధ్యత శాస్త్రవేత్తలదే. వివరించకుండా “జాడ కనిపించింది, ప్రమాదం లేదు” అని రెండు ముక్కల్లో తేల్చేస్తే, వినేవారికి ఆ రెండు ముక్కలూ ఒకదానికొకటి విరుద్ధంగా తోస్తాయి.

బెక్వెరెల్ వేరు, సీవర్ట్ వేరు

గందరగోళంలో సగం యూనిట్ల దగ్గర పుడుతుంది. బెక్వెరెల్ అన్నది సెకనుకు ఒక్క పరమాణువు విచ్ఛిన్నం కావడాన్ని సూచించే అతిచిన్న కొలమానం. అందుకే బెక్వెరెళ్లలో చెప్పిన అంకెలు తరచూ లక్షల్లో, కోట్లలో ఉంటాయి, పత్రికల శీర్షికల్లో భయంకరంగా కనిపిస్తాయి. డెబ్బై కిలోల ఆరోగ్యవంతుడి శరీరంలో సహజంగా ఉండే పొటాషియం-40 ఒక్కటే సుమారు 4,000 బెక్వెరెళ్లు ఉంటుంది. శరీరానికి జరిగే హానిని అంచనా వేసే కొలమానం సీవర్ట్. దానిలో వెయ్యో వంతు మిల్లీసీవర్ట్, పదిలక్షలో వంతు మైక్రోసీవర్ట్. నేల నుంచి, ఆకాశం నుంచి, ఆహారం నుంచి, ఇంట్లోని రేడాన్ వాయువు నుంచి ప్రపంచంలో సగటు మనిషి ఏడాదికి 2.4 మిల్లీసీవర్టుల సహజ రేడియేషన్ పొందుతాడు. ఫుకుషిమా కారణంగా జపాన్ వెలుపలి ప్రపంచంలో మొదటి ఏడాది మోతాదు 0.01 మిల్లీసీవర్ట్ కంటే తక్కువని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2012లో అంచనా వేసింది. అది ఒకటిన్నర రోజుల సహజ రేడియేషన్‌కు సమానం. కాలిఫోర్నియా నుంచి హైదరాబాదుకు విమానంలో ఒక్కసారి వచ్చినా అంతకు కొన్ని రెట్లు ఎక్కువ మోతాదు పడుతుంది.

అమెరికాలో పాల వ్యవహారం ఈ యూనిట్ల తికమకకు మంచి ఉదాహరణ. 2011 మార్చి చివరలో వాషింగ్టన్ రాష్ట్రంలోని స్పొకేన్ నగరం నుంచి తీసిన పాల నమూనాలో లీటరుకు 0.8 పికోక్యూరీల (రేడియోధార్మికతకు అమెరికాలో వాడే మరో యూనిట్) అయోడిన్-131 కనిపించింది. “పాలలో రేడియోధార్మికత” అన్న శీర్షికకు అంతకంటే ఏం కావాలి? బెక్వెరెళ్లలో చెప్పుకుంటే అది లీటరుకు 0.03. ఆహార నియంత్రణ సంస్థ జోక్యం చేసుకోవలసిన స్థాయికి అది ఐదువేల వంతు కంటే తక్కువని అధికారులు ప్రకటించారు. ఏ పాలలోనైనా లీటరుకు 40 నుంచి 50 బెక్వెరెళ్ల పొటాషియం-40 ఎలాగూ ఉంటుంది. ఈ చివరి పోలికను మాత్రం జాగ్రత్తగా వాడాలి. పొటాషియాన్ని శరీరం ఎప్పుడూ ఒకే స్థాయిలో ఉంచుకుంటుంది, ఎక్కువైనది బయటికి పంపేస్తుంది. అయోడిన్ అలా కాదు, థైరాయిడ్ గ్రంథిలో పోగుపడుతుంది. కాబట్టి బెక్వెరెల్‌కు బెక్వెరెల్ అని తూచలేం. అలా తూచే నిపుణుడు నిజం చెబుతున్నట్టే కనిపిస్తాడు గాని, సగం నిజమే చెబుతాడు.

అయోడిన్-131 దారిని కాస్త వివరంగా తెలుసుకోవాలి, ఎందుకంటే అణుప్రమాదం తొలి వారాల్లో మిగతా వాటికంటే ముందుగా భయపడవలసింది దానికే. గాలిలో వచ్చి గడ్డిమీద పడుతుంది. ఆవు రోజంతా ఎంతో విస్తీర్ణంలో గడ్డి మేస్తుంది కాబట్టి, చల్లినట్టు పడినది పాలలో పోగవుతుంది. ఆ పాలు తాగిన పిల్లల శరీరం దాన్ని మామూలు అయోడిన్ అనుకుని థైరాయిడ్‌కు పంపుతుంది. పసిపిల్లల థైరాయిడ్ బరువు పెద్దవారి గ్రంథిలో పదో వంతు కంటే కొంచెం అటూ ఇటుగా ఉంటుంది. అదే పరిమాణం అయోడిన్ అంత చిన్న గ్రంథిలో చేరితే మోతాదు అన్ని రెట్లు పెరుగుతుంది. దీని అర్ధాయువు ఎనిమిది రోజులు, అంటే ప్రతి ఎనిమిది రోజులకు ఉన్నదాంట్లో సగం మిగులుతుంది. ఎనభై రోజులకు వెయ్యో వంతు మాత్రమే ఉంటుంది. కనుక ప్రమాదం జరిగాక ఆ రెండు మూడు నెలలు పిల్లలకు స్థానికంగా పిండిన పాలు పోయకుండా ఆపగలిగితే చాలు, అతిపెద్ద గండం గడుస్తుంది.

చెర్నోబిల్ దగ్గర ఆ పని జరగలేదు. చుట్టుపక్కల పల్లెల్లో పిల్లలు రోజూ తాగే పాలే తాగారు. వద్దని వారికి సకాలంలో చెప్పినవారు లేరు. ప్రమాదం నాటికి పద్దెనిమిదేళ్ల లోపు ఉన్నవారిలో 2005 నాటికి బెలారస్, ఉక్రెయిన్, రష్యాలోని ప్రభావిత ప్రాంతాల్లో 6,000కు పైగా థైరాయిడ్ క్యాన్సర్ కేసులు నమోదయ్యాయి. వాటిలో పెద్దభాగానికి ఆ పాలే కారణమని ఐరాస కమిటీ నిర్ధారించింది. థైరాయిడ్ క్యాన్సర్‌కు చికిత్స బాగా పనిచేస్తుంది కాబట్టి ఆ నాటికి వారిలో మరణాలు పదిహేను. ప్రాణాలు నిలిచినా జీవితాంతం మాత్రలు వేసుకుంటూ, మెడమీద శస్త్రచికిత్స గాటుతో పెరిగిన ఆ పిల్లల బాధను సంఖ్య చిన్నదన్న కారణంతో తక్కువచేయకూడదు. పక్కనే ఉన్న పోలండ్ మాత్రం మాస్కో మాట కోసం ఎదురుచూడలేదు. సొంత కొలతలు చూసుకుని ఏప్రిల్ 29 నుంచే కోటీ ఐదు లక్షల మంది పిల్లలకు, దాదాపు డెబ్బై లక్షల మంది పెద్దలకు అయోడిన్ ద్రావణం తాగించింది, పసిపిల్లలకు పాలపొడి సరఫరా చేసింది. ఒకే మేఘం కింద రెండు ప్రభుత్వాలు రెండు రకాలుగా ప్రవర్తించాయి.

టోక్యో నగరంలో 2011 మార్చి 23న జరిగింది ఇంకో రకం. ప్రమాదస్థలికి రెండువందల కిలోమీటర్లకు పైగా దూరంలో ఉన్న ఆ మహానగరంలో కనమాచి నీటిశుద్ధి కేంద్రంలోని నీటిలో, అంతకుముందు పడిన వానల వల్ల, లీటరుకు 210 బెక్వెరెళ్ల అయోడిన్-131 తేలింది. పెద్దవారికి పరిమితి 300, ఏడాదిలోపు పసిపిల్లలకు 100. పసిపిల్లలకు ఆ నీరు పట్టవద్దని, వాటితో డబ్బాపాలు కలపవద్దని నగర ప్రభుత్వం వెంటనే ప్రకటించింది. సుమారు 80,000 మంది పసిపిల్లల కోసం తలా మూడు చొప్పున అర లీటరు పైచిలుకు నీళ్ల సీసాలు పంచింది. మరుసటి రోజు కొలిస్తే 79కి తగ్గింది, ఆ సంగతీ ప్రకటించి నిషేధం ఎత్తేసింది. అంతర్జాతీయ రేడియేషన్ రక్షణ సంఘం గుణకాలతో లెక్కేస్తే, 210 బెక్వెరెళ్లున్న లీటరు నీరు తాగిన పెద్దవారికి పడే మోతాదు దాదాపు 5 మైక్రోసీవర్టులు, పసిబిడ్డకు దాదాపు 38. పసిబిడ్డ మోతాదు కూడా ఆరు రోజుల సహజ రేడియేషన్‌ను మించదు. పసిబిడ్డ థైరాయిడ్ ఒక్కదానికే చూస్తే ఆ లీటరుకు 0.8 మిల్లీగ్రే (ఒక అవయవం పీల్చుకున్న రేడియేషన్‌ను కొలిచే యూనిట్). చెర్నోబిల్ పరిసరాల నుంచి తరలించిన ప్రజల థైరాయిడ్‌కు సగటున పడినది 500 మిల్లీగ్రేలకు అటూ ఇటూ.

ఆ రోజు టోక్యోలో సూపర్ మార్కెట్లలో సీసా నీళ్లు క్షణాల్లో అయిపోయాయి, ప్రభుత్వం అనవసరంగా భయపెట్టిందన్న విమర్శా వచ్చింది. ఆ విమర్శ నిలవదు. అంకె చెప్పారు, ఎవరికి వర్తిస్తుందో చెప్పారు, ఏం చేయాలో చెప్పి ఆ పనికి కావలసిన నీళ్లు చేతికిచ్చారు, తగ్గగానే తగ్గిందని చెప్పారు. కంగారు రెండు రోజుల్లో సర్దుకుంది. దూరప్రాంత ప్రజలకు సమాచారం ఎలా ఇవ్వాలో చెప్పేందుకు ఫుకుషిమా చరిత్రలో ఇంతకంటే మెరుగైన సందర్భం లేదు.

నమ్మకం ఎక్కడ తెగింది

జపాన్ ప్రభుత్వం అన్నిచోట్లా ఇలాగే నడుచుకుని ఉంటే కథ వేరుగా ఉండేది. ప్రమాదస్థలికి దగ్గరలోని నమీయె పట్టణవాసులను మార్చి 12న వాయవ్య దిశలో కొండల నడుమ ఉన్న త్సుషిమా అనే ఊరికి తరలించారు. వేలాదిమంది అక్కడి బడుల్లో, సమావేశ మందిరాల్లో తలదాచుకున్నారు, ఆరుబయట వండుకుని తిన్నారు, పిల్లలు ఆవరణల్లో ఆడుకున్నారు. మార్చి 15న గాలి తిరిగి, వాన, మంచుతో కలిసి రేడియోధార్మిక పదార్థం ఎక్కువగా పడినది సరిగ్గా ఆ దిక్కునే. గాలివాటును అంచనా వేసే కంప్యూటర్ వ్యవస్థ ఒకటి ప్రభుత్వం దగ్గర ఉంది. దాని అంచనాలు మాత్రం ఆ పట్టణ పాలకులకు అందలేదు. అంచనాల్లో అనిశ్చితి ఉందని, బయటపెడితే ప్రజలు బెంబేలెత్తుతారని సంకోచించారు. తాము ప్రమాదంలోకి నడిచివెళ్లామని తర్వాత తెలుసుకున్నవారికి, ఆపైన ప్రభుత్వం చెప్పే ఏ అంకె మీదైనా గురి ఎలా కుదురుతుంది?

ఇంధనం కరిగిపోయిందన్న సంగతిని విద్యుత్ సంస్థ మే నెలలో గాని ఒప్పుకోలేదు. ఆ మాట వాడకుండా దాటవేసినందుకు 2016లో ఆ సంస్థ అధ్యక్షుడు క్షమాపణ చెప్పవలసివచ్చింది. ఏడు స్థాయిల అంతర్జాతీయ కొలబద్ద మీద ప్రమాద తీవ్రతను మార్చి 18న ఐదో స్థాయిగా ప్రకటించి, ఏప్రిల్ 12న ఒక్కసారిగా చెర్నోబిల్‌తో సమానమైన ఏడో స్థాయికి మార్చారు. నిజానికి ఆ రోజు కొత్తగా ఏమీ పేలలేదు, లెక్కలు పూర్తయ్యాయి, అంతే. వినేవారికి మాత్రం పరిస్థితి విషమించిందనో, ఇన్నాళ్లూ దాచిపెట్టారనో అనిపించింది. అదే నెలలో ఫుకుషిమా బడులు తెరవడానికి ఏడాదికి 20 మిల్లీసీవర్టులను ప్రామాణికంగా పెట్టడం తల్లిదండ్రులను కలవరపెట్టింది. పిల్లలకు ఆ పరిమితిని ఒప్పుకోలేనంటూ ప్రభుత్వ సలహాదారుగా ఉన్న రేడియేషన్ భద్రతా నిపుణుడు తొషిసో కొసాకో ఏప్రిల్ 29న కన్నీళ్లతో రాజీనామా చేశారు. ఆ విలేకరుల సమావేశం ప్రపంచమంతా ప్రసారమైంది. నిపుణుడే ఏడిస్తే, పదివేల కిలోమీటర్ల అవతల ఉన్న తల్లి ధైర్యంగా ఉండాలని ఆశించడం సబబు కాదు.

స్వల్ప మోతాదుల విషయంలో శాస్త్రం చెప్పేది కూడా నినాదంలా ఇమిడేది కాదు. 100 మిల్లీసీవర్టుల కంటే తక్కువ మోతాదుల్లో క్యాన్సర్ పెరుగుదలను గణాంకాల్లో స్పష్టంగా పట్టుకోవడం కష్టం. అయినా జాగ్రత్త కోసం మోతాదు ఎంత చిన్నదైనా దానికి తగినంత ముప్పు ఉంటుందని భావించి నియమాలు రాస్తారు. ఆ లెక్క ప్రకారం ఒక మిల్లీసీవర్ట్ వల్ల ప్రాణాంతక క్యాన్సర్ ముప్పు లక్షకు ఐదు చొప్పున పెరుగుతుంది. ఈ ఒక్క సూత్రం నుంచే ఒకరు “సురక్షిత స్థాయి అంటూ ఏదీ లేదు” అంటారు, మరొకరు “ప్రమాదం లేదు” అంటారు. ఇద్దరూ అంకెను దాటేసి మాట్లాడేవారే. కేరళలోని చవర, కరునాగపల్లి తీరాల్లో మోనజైట్ అనే ఖనిజపు ఇసుకలో ఉండే థోరియం అనే రేడియోధార్మిక లోహం వల్ల సహజ రేడియేషన్ ప్రపంచ సగటు కంటే ఎంతో ఎక్కువ, కొన్ని ఇళ్లలో అనేక రెట్లు. తిరువనంతపురం ప్రాంతీయ క్యాన్సర్ కేంద్రం అక్కడి ప్రజలను ఏళ్ల తరబడి పరిశీలించి 2009లో ప్రచురించిన అధ్యయనంలో ఆ కారణంగా క్యాన్సర్ అధికమైనట్టు కనిపించలేదు. ఇది ఊరటనిచ్చే సమాచారమే. దాన్ని తీసుకువచ్చి ఫుకుషిమా తల్లికి “కేరళలో ఇంతకంటే ఎక్కువ” అని చెప్పడం మాత్రం తగదు. తీరపు ఇసుకను ఎవరూ అశ్రద్ధతో అక్కడ పోయలేదు. ఎక్స్‌రేతో పోల్చడమూ అంతే. ఎక్స్‌రే మన మేలు కోసం మనం ఒప్పుకుని తీయించుకునేది. ప్రజల ఆందోళనలో మోతాదు ఒక పాలు, తమ అనుమతి లేకుండా తమ పిల్లల మీద వచ్చిపడిందన్న ఆక్రోశం మరో పాలు. రెండో దానికి మైక్రోసీవర్టుల్లో జవాబు లేదు.

భయం తీసిన ప్రాణాలు

ఇంతమాత్రాన భయాన్ని నిరపాయకరమని వదిలేయలేం. చెర్నోబిల్ తర్వాత గ్రీస్‌లో పడిన రేడియేషన్ మోతాదు ఒక మిల్లీసీవర్ట్‌ను మించలేదు. గర్భస్థ శిశువుకు లోపాలు కలిగించే స్థాయి దానికి సుమారు వంద రెట్లు పైన ఉంటుంది. అయినా వదంతులు, పొంతనలేని ప్రకటనలు, వైద్యులకే స్పష్టత లేకపోవడం వల్ల అక్కడి గర్భిణులు పెద్దసంఖ్యలో గర్భస్రావం చేయించుకున్నారు. తల్లులు కావాలని కోరుకున్న గర్భాలే దాదాపు 2,500 అలా పోయాయని 1987లో వైద్య పరిశోధకులు అంచనా వేశారు. ఈ విషాదానికి ఆ తల్లులను తప్పుపట్టడం అన్యాయం. డాక్టరుగారిని అడిగితే ఆయన కూడా తెలియదన్నప్పుడు, మనసుకు కీడే తోస్తుంది.

జపాన్‌లోనే చూస్తే, ఫుకుషిమా ప్రాంతంలో లక్షన్నర మందికి పైగా ఇళ్లు విడిచారు. ఆదరాబాదరాగా జరిగిన తరలింపులో మంచంపట్టిన వృద్ధులను, రోగులను గంటల తరబడి బస్సుల్లో తిప్పారు, వారిలో పదులమంది కొద్దిరోజుల్లోనే కన్నుమూశారు. తరలింపు కష్టాలు, వైద్యం అందకపోవడం, దిగులు, ఆత్మహత్యల వంటి కారణాలతో ఆ రాష్ట్రంలో నమోదైన విపత్తు సంబంధిత మరణాలు 2,300 దాటాయి. రేడియేషన్ వల్ల అని పరిహారం నిమిత్తం ప్రభుత్వం గుర్తించిన మొదటి మరణం, 2018లో, ఆ కేంద్రంలో పనిచేసిన ఒక కార్మికుడిది. తొలి రోజుల్లో దగ్గరి ప్రాంతాలను ఖాళీచేయించడం తప్పనిసరి, అందులో అనుమానం లేదు. నడవలేని ముసలివారిని ఏ ఏర్పాటూ లేకుండా కదిలించడమే తప్పు. ఊరు విడిచిన పిల్లలను వేరే నగరాల బడుల్లో తోటి పిల్లలు రేడియేషన్ అంటుకున్నవారని వెలివేసినట్టు చూడడం ఇంకో గాయం. చెర్నోబిల్ మిగిల్చిన అతిపెద్ద ప్రజారోగ్య సమస్య మానసిక ఆరోగ్యమేనని 2005లో అంతర్జాతీయ సంస్థల బృందం తేల్చింది. ఫుకుషిమా ఆ మాటను మళ్లీ నిజం చేసింది.

నమ్మకం ఒకసారి పోతే ఎన్నాళ్లకూ తిరిగిరాదనడానికి 2023 సాక్ష్యం. ఫుకుషిమా కేంద్రంలో శుద్ధిచేసిన నీటిని ఆ ఏడాది ఆగస్టు 24 నుంచి సముద్రంలోకి వదలడం మొదలుపెట్టారు. అందులో మిగిలిన ట్రిటియం అనే రేడియోధార్మిక హైడ్రోజన్‌ను లీటరుకు 1,500 బెక్వెరెళ్ల లోపుకు పలచన చేస్తున్నారు. ఈ పద్ధతి ప్రమాణాలకు లోబడే ఉందని అంతర్జాతీయ అణుశక్తి సంస్థ జూలైలో నివేదిక ఇచ్చింది. అంకెల ప్రకారం కలవరపడే విషయం కాదు. అయినా దక్షిణ కొరియాలో, చైనాలో ఉప్పు కోసం జనం మళ్లీ ఎగబడ్డారు, చైనా జపాన్ చేపల దిగుమతిని నిషేధించింది. అప్పటికి పన్నెండేళ్ల కిందట “కరిగింది” అనడానికి వెనుకాడిన సంస్థే ఆనాడు “పలచన చేశాం” అంది. జనం అంకెను వినలేదు, చెప్పేవారి ముఖం చూశారు.

ఈ అనుభవాలు తెలుగువారికి ఎందుకు అక్కరకొస్తాయో పటం చూస్తే తెలుస్తుంది. చెన్నైకి దక్షిణాన కల్పాక్కంలో రెండు 220 మెగావాట్ల రియాక్టర్లు, 500 మెగావాట్ల ఫాస్ట్ బ్రీడర్ రియాక్టర్ ఉన్నాయి. అక్కడి నుంచి నెల్లూరు సరళరేఖలో రెండువందల కిలోమీటర్ల పైచిలుకు, అంటే ఫుకుషిమా నుంచి టోక్యో ఎంత దూరమో దాదాపు అంతే. 2004 సునామీ నీరు కల్పాక్కం పంపుహౌసులోకి వచ్చినప్పుడు నడుస్తున్న రియాక్టరును సురక్షితంగా ఆపగలిగారు, అది మెచ్చుకోవలసిన సంగతి. ప్రమాదం జరుగుతుందని ఇక్కడ చెప్పడం లేదు. మన దేశంలో అత్యవసర ప్రణాళిక సాధారణంగా కేంద్రం చుట్టూ 16 కిలోమీటర్ల పరిధికి తయారవుతుంది. టోక్యో కూడా అక్కడి తరలింపు పరిధికి ఎంతో అవతలే ఉంది, అయినా కుళాయి నీటి గురించి ఒక్కరోజులో నిర్ణయం తీసుకోవలసివచ్చింది. అలాంటి రోజున నెల్లూరు పాల కేంద్రంలో నమూనా ఎవరు తీస్తారు, ఎన్ని గంటల్లో ఫలితం వస్తుంది, దాన్ని తెలుగులో ఎవరు, ఏ యూనిట్లో ప్రకటిస్తారు, చంటిబిడ్డ తల్లికి పాలపొడి ఎక్కడ అందుతుంది అన్నవి ప్రశాంతంగా ఉన్నప్పుడే తేల్చుకోవలసిన ప్రశ్నలు.

శ్రీకాకుళం జిల్లా రణస్థలం మండలంలోని కొవ్వాడ దగ్గర ఆరు అమెరికన్ రియాక్టర్లు పెట్టాలన్న ప్రతిపాదన ఏళ్లుగా ఉంది. అక్కడి మత్స్యకారులు ఫుకుషిమా పేరెత్తి అడిగే ప్రశ్నలను అపోహలని కొట్టిపారేయడం అధికారులకు పరిపాటి అయింది. ఆ జిల్లా తీరంలో భావనపాడు, కళింగపట్నం వంటి చోట్ల, ఇటు భీమిలి దగ్గర కూడా ఇసుకలో మోనజైట్ ఉంది. అంటే ఏ కేంద్రమూ రాకముందే అక్కడి నేలకు తనదైన సహజ రేడియేషన్ ఉంది, అది ఊరికీ ఊరికీ మారుతుంది. ఆ ఊళ్ల ఇసుకను, బావినీటిని, చేపలను, పాలను ఇప్పుడే కొలిచి, ఊరి పేరుతో సహా పంచాయతీ కార్యాలయంలో రాసిపెట్టకపోతే, రేపు ఏ చిన్న లీకేజీ వార్త వచ్చినా పరికరం చూపే అంకెలో ఎంత ఇసుకది, ఎంత రియాక్టరుది అని విడదీసి చెప్పడం ఎవరి తరమూ కాదు. కేంద్రం తరఫువారు అంతా ఇసుకదేనంటారు, ఊరివారు అంతా రియాక్టరుదేనంటారు. ఆ కొలతలకు ఖర్చు పెద్దగా కాదు. గ్రామస్థుల ఎదుటే, వారు ఎంచుకున్న బావి దగ్గర, స్థానిక కళాశాల విద్యార్థుల చేత పరికరం పట్టించి తీసి, ఏటా అదే నెలలో మళ్లీ తీయాలి. ప్రాజెక్టు వచ్చినా రాకపోయినా ఆ పుస్తకం ఆ ఊళ్ల దగ్గరే ఉండాలి.